పక్క కుట్టు

నల్ల కిమొనో ఎడమ చెరగు నమికో పొట్ట మీదుగా వచ్చి, కుడి తుంటి పక్కకి చేరవలసింది, నాలుగు వేళ్లు ఇవతలే ఆగిపోయింది. అక్క కజుయో చాప మీద మోకాళ్లపై కూర్చుని దాన్ని ఇంకా లాగి చూసింది. లాగిన కొద్దీ వీపు మీద ముడతలు పడ్డాయి తప్ప చెరగు మాత్రం ముందుకు రాలేదు.

"ఊపిరి బిగబట్టు," అంది కజుయో.

"బిగబట్టే ఉన్నానక్కా."

"ఎప్పట్నించి?"

"నువ్వు పెట్టె తెరిచినప్పట్నించి."

కజుయో నవ్వేసి చెరగు వదిలేసింది. మూడేళ్ల కిందట కొడుకు పెళ్లిలో ఆమె ఇదే కిమొనో కట్టుకుని బల్ల బల్లకీ తిరిగి, వచ్చినవాళ్లందరికీ వంగి వంగి దండాలు పెట్టింది. ఒక్కసారి కూడా చెరగు చెదరలేదు. వాళ్లమ్మ ఫుసా బట్టల్లో ఇంటి ముద్ర ఉన్న పెళ్లి కిమొనో ఇదొక్కటే. ఎవరి బిడ్డ పెళ్లయితే ఆ తల్లి కట్టుకోవాలని ఆవిడ చెప్పి పోయింది. ఇప్పుడు నమికో కూతురు చిహరు పెళ్లి. వంతు కుదిరింది గాని నడుము కుదరలేదు.

"నా మాట విని బట్టలు కుట్టే కురొదా గారికి ఇచ్చెయ్యి," అంది కజుయో. "రెండు పక్కలా కుట్లు విప్పి వదులు చేస్తుంది. కుట్టుపని చేసే అమ్మకి పుట్టాం, మనకి తెలీదా? లోపల గుడ్డ ఉంటుందిగా."

"విప్పనివ్వను."

"ఏం?"

"అది అమ్మ కుట్టు."

ఫుసా జీవితమంతా మత్సుయే ఊళ్లోవాళ్ల కిమొనోలు కుట్టి బతికిన మనిషి. ఆవిడ చివరిగా కుట్టింది ఇదే. పెళ్లికి ముందు పాత కిమొనోని విప్పి, ఉతికించి, కజుయో కొలతకి మళ్లీ కుట్టింది. లేచి నిలబడలేని రోజుల్లో, పరుపు మీద దిళ్లకు ఆనుకుని కూర్చుని, ఆ చలికాలమంతా కుట్టింది. ఆ తర్వాత సూది పట్టలేదు. కిందటేడు ఆవిడే వెళ్లిపోయింది.

"అయితే ఒక పని చేద్దాం," అంది కజుయో. "దీన్ని నేను కట్టుకుంటాను. పెళ్లికూతురి పెద్దమ్మని, నేనూ నల్లది కట్టాల్సిందేగా. నువ్వు పెళ్లి హాలువాళ్ల దగ్గర అద్దెకి తీసుకో. వాళ్ల దగ్గర అన్ని కొలతలూ ఉంటాయి."

కజుయో మనసులో దురాశ ఏమీ లేదు, సాయం చేస్తున్నాననే అనుకుంది. కానీ నమికో చెరగుని గట్టిగా పట్టుకుంది. చిన్నప్పటినుంచీ ఇంతే. అమ్మ ఏది కుట్టినా అక్క కొలతకే కుట్టేది. అక్క వదిలేశాక అవి తనకి వచ్చేవి, వచ్చేసరికే బిగుతయ్యేవి. రేపు చిహరు పక్కన తను అద్దె బట్టలో నిలబడితే, ఎదురుగా అక్క అమ్మ కిమొనోలో నిలబడి ఉంటుంది. ఆ ఫొటో ఇంట్లో గోడకి ఎక్కుతుంది.

"నేనే తగ్గుతాను," అంది.

"నువ్వా?"

"నాలుగు వేళ్లేగా. వచ్చే నెల మొదటి ఆదివారం రా. కట్టి చూద్దాం. అందకపోతే నువ్వే కట్టుకో, ఇంక మాట్లాడను."

కజుయో కిమొనోని మడతల ప్రకారం మడిచి, కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టింది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, తెచ్చిన తీపి రొట్టెల డబ్బాని మళ్లీ సంచీలో వేసుకుంది.

"ఇది నీ మేలుకే," అంది.

నమికో లావుగా ఎందుకుందో పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఆమె ఉద్యోగం సూపర్ మార్కెట్ వంటకాల విభాగంలో, నూనె మూకుడు ముందు. పొద్దున్నే ఉడికిన బంగాళాదుంపలు మెదిపి, వెన్నా ఉల్లిపాయా కలిపి, అరచేతిలో బిళ్లలు తట్టి, రొట్టెపొడిలో దొర్లించి కొరొక్కెలు వేయిస్తుంది. ప్రతి వాయికీ ఒకటి విరిచి రుచి చూడాలి. చిట్లినవి అమ్మకానికి పనికిరావు, పక్కన పళ్లెంలో పడేస్తారు. ఆ పళ్లెం ఎవరు పెట్టినా, ఎక్కడ పెట్టినా, చివరికి నమికో మోచేతి దగ్గరకే వచ్చి చేరుతుంది.

పోనీ ఇంట్లో వండుకుని కొంచెం తిందామంటే ఆమె చేతికి కొంచెం అనే మాట తెలియదు. చెంచాడు నూనె అనుకుని సీసా వంచితే, చెయ్యి దాని అలవాటు ప్రకారం అది పోస్తుంది. అందుకని ఆమె తన చేతిని నమ్మడం మానేసి, సూపర్ మార్కెట్‌కి రోడ్డవతల ఉన్న ఇరవైనాలుగ్గంటల కొట్టుని నమ్ముకుంది. అక్కడ ప్రతి పొట్లం వెనకా ఎన్ని కేలరీలో అచ్చేసి ఉంటుంది. ఆ అంకెతో వాదించడానికి లేదు, బతిమాలుకోవడానికి లేదు. ఇంకో గరిటె వేసుకో అని అది అనదు.

మర్నాడు మధ్యాహ్నం తెల్ల టోపీ తీసి జేబులో కుక్కుకుని, ఆమె ఆ కొట్లో చల్లటి అరల ముందు నిలబడింది. కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, పొట్లాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, వెనక చదివి, పెట్టేసి, ఇంకోటి తీసింది. ఆవిరి మీద ఉడికించి ప్లాస్టిక్‌లో బిగించిన కోడి ముక్క. దుంప పిండితో చేసిన, నమిలినా తిన్నట్టు ఉండని నూడుల్స్. ఒక ఉడికిన గుడ్డు. వేడినీళ్లు పోసుకునే సముద్రపు నాచు చారు. అన్నీ కలిపితే రెండు కొరొక్కెలంత కూడా కావు. బుట్ట నిండుగా కనిపించింది. ఆమెకి ఉత్సాహం వచ్చింది.

విశ్రాంతి గదిలో ఆ పొట్లాలన్నీ వరసగా పేర్చి చింపుతుంటే, ఆమెతో కలిసి వేయించే ఒకినో కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఏంటి నమికో గారూ, మనం వేయించింది మానేసి ఎదురు కొట్లోది కొనుక్కుంటున్నారా? చూసినవాళ్లు ఏమనుకుంటారు? మన కొరొక్కెల్లో ఏదో కలిపామనుకోరూ?"

"కలిపాంగా. వెన్న."

"ఆ కోడి ఎలా ఉందేంటి?"

నమికో చాలాసేపు నమిలింది. "తడి కాగితంలా ఉంది," అంది. "కానీ నూట పదమూడే."

"కాగితం తింటే సున్నా కదండీ, అదే తినండి మరి."

ఇద్దరూ నవ్వారు. ఆ సాయంత్రం నుంచి వాయి దించినప్పుడల్లా నమికో జల్లెడ చివరని ఒకినో వైపు తోసి, "నువ్వు చూసి చెప్పు" అనడం మొదలుపెట్టింది. ఒకినో ఊదుకుంటూ తిని తల ఊపుతుంటే, ఆమె నోటి వంకే చూస్తూ నిలబడేది. కరకరమన్న చప్పుడు చెవిన పడినప్పుడు మాత్రం మొహం మూకుడు వైపు తిప్పేసుకునేది.

నమికో మొగుడు షిగెరు షింజి సరస్సులో గుల్లలు పడతాడు. పొడుగాటి కర్ర చివర ఇనపబుట్ట ఉంటుంది. పడవ అంచున నిలబడి, దాన్ని అడుగున ఇసకలో గోకించి, నీళ్లతో, బురదతో, చిన్న నల్ల గుల్లలతో సహా పైకి ఎత్తాలి. తెల్లవారగట్ల వెళ్లి పొద్దు నడినెత్తికి రాకముందే తిరిగొస్తాడు. మాటలు తక్కువ మనిషి. మాట్లాడవలసిన చోట కూడా తువ్వాలుతో మెడ తుడుచుకుని ఊరుకుంటాడు.

రాత్రి భోజనానికి కూర్చుంటే అతని ముందు అన్నం, చేప, గుల్లల మిసో చారు. ఆమె ముందు పొట్లాలు. మొదటి రోజు అతను ఆమె నూడుల్స్ వంక చూశాడు. రెండో రోజు తన గిన్నెలో చేపని చీల్చి, పెద్ద ముక్క ఆమె వైపు జరిపాడు.

"వద్దు. దాని మీద ఎన్ని కేలరీలో రాసి లేదు," అంది నమికో.

అతను చేప వంక అటూ ఇటూ చూశాడు, ఎక్కడన్నా రాసి ఉందేమోనన్నట్టు. నమికోకి నవ్వొచ్చింది గాని కడుపు ఖాళీగా ఉండటం వల్ల నవ్వు సగంలోనే ఆగింది.

వారం తిరిగేసరికి అతను, "నాకూ అదే తెచ్చెయ్యి, రెండు రకాలు వండటం దేనికి," అన్నాడు. తనకి వంట పని తప్పించడానికే అంటున్నాడని ఆమె అనుకుంది. పొద్దున్న పడవకి మాత్రం ఎప్పటిలాగే మూడు అన్నం ముద్దలు చేసి, నాచు చుట్టి, గుడ్డలో మూటగట్టి ఇస్తూనే ఉంది.

తూకం యంత్రం పిసినారిలా ఉంది. ఒకరోజు కాస్త దిగి, మర్నాడు ఇచ్చింది లాక్కునేది. కానీ ఒక సాయంత్రం ఆమె గిన్నెలు కడిగి వచ్చేసరికి, షిగెరు వరండాలో కూర్చుని తోలు బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం పొడుస్తున్నాడు.

"నీకెందుకు?"

"తోలు సాగింది."

"తోలు సాగితే సాగుతుందిగాని అంత సాగుతుందా?" అని ఆమె అతని చొక్కా పట్టుకుని చూసింది. తగ్గాలనుకున్నది తను, తగ్గుతున్నది అతను. ఉక్రోషం వచ్చింది. "ఏం, నువ్వు కట్టుకుంటావా కిమొనో?"

అతను మేకు పక్కన పెట్టాడు. 

"నన్ను పట్టుకుని చూడు," అంది నమికో అతని ముందు నిలబడి, చేతులు రెండూ పైకెత్తి. "తగ్గానా లేదా? నిజం చెప్పాలి."

షిగెరు కూర్చున్నవాడు కూర్చున్నట్టే రెండు చేతులూ ఆమె నడుము చుట్టూ వేశాడు. అతని చేతుల్లో సరస్సు వాసన వచ్చింది. చెంప ఆమె పొట్టకి ఆనింది.

"అందుతున్నాయా?"

"అందుతున్నాయి."

"వేళ్లు కలిశాయా?"

"కలిశాయి."

"అబద్ధం."

"కలవబోతున్నాయి," అన్నాడు షిగెరు. చేతులు మాత్రం వెంటనే తియ్యలేదు.

ఆమెకి అమ్మ గుర్తొచ్చింది. లేవలేకపోయిన ఆ చివరి ఏళ్లలో అమ్మని పరుపు మీంచి లేపి స్నానానికి తీసుకెళ్లేది తనే. అమ్మ చేతులు తన నడుము చుట్టూ వేయించుకుని, ఒకటి, రెండు అని ఎత్తేది. ఎత్తుతుండగానే అమ్మ చెవిలో అనేది: "ఏం నడుమే ఇది! నా చేతులు చుట్టూ రావట్లేదు." వీపు వెనక ఆ ఎముకల వేళ్లు ఒకదాన్నొకటి తడుముకుంటూ వెతుక్కునేవి. రోజూ అదే మాట, ఒక్కరోజు తప్పకుండా. మనిషిని మోస్తున్నదాన్ని పట్టుకుని, ఆ మోసే నడుమునే వెక్కిరిస్తే ఎలా ఉంటుంది? నమికో పళ్లు బిగబట్టి మోసేది. అమ్మ పోయాక అన్నీ మరిచిపోయింది గాని ఆ మాట మరవలేదు. ఈ నడుము కోసం అమ్మ కుట్టు విప్పితే ఆ మాటే నిజమైపోతుంది.

"విప్పనివ్వను," అంది పైకే.

"దేన్ని?" అన్నాడు షిగెరు.

"ఏం లేదు. వదులు, పొట్లం చింపాలి."

ఆదివారం ఇంకో నాలుగు రోజులుందనగా, నమికో పని ముగించుకుని వచ్చేసరికి షిగెరు గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రబ్బరు బూట్లు విప్పలేదు. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు. రోజూ గోడకి చేరగిల వేసి ఉండే పొడుగాటి కర్ర లేదు.

"కర్రేది?"

"సరస్సులో ఉంది."

"మర్చిపోయొచ్చావా?"

"జారింది."

అతను పెళ్లినాటినుంచీ ఆ పని చేస్తున్నాడు. గాలివానలో కూడా బుట్ట జారవిడిచిన మనిషి కాదు. నమికో సంచీ కింద పెట్టి పక్కనే కూర్చుంది. అతను చేతులు తువ్వాలు కింద దాచుకున్నాడు.

"ఏమయింది? నిజం చెప్పు."

"పైకి లాగుతుంటే కళ్లు తిరిగాయి. కొంచెమే. అంచు పట్టుకున్నాను గనక సరిపోయింది. పక్క పడవలోంచి హిరాత వచ్చి పట్టుకున్నాడు."

"అంచు పట్టుకోకపోతే?"

షిగెరు మెడ తుడుచుకున్నాడు.

ఆమె అతని భోజనం మూట విప్పింది. పొద్దున్న తను కట్టిన అన్నం ముద్దలు లేవు. వాటి బదులు చింపిన ప్లాస్టిక్ ఉంది. కోడి ముక్క పొట్లం, గుడ్డు పెంకులు. తను తినేవే, అదే కొట్లోవి.

"ముద్దలేవి?"

"హిరాత తిన్నాడు."

"రోజూనా?"

"రోజూనే. వాడు లావెక్కాడు," అన్నాడు షిగెరు, తప్పు వాడిదన్నట్టు.

నమికోకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అతని భుజం మీద ఒకటి వేసింది. "ఎవరు తినమన్నారు నిన్ను? ఆ ఇనపబుట్ట ఎత్తేవాడికి గుడ్డు ఎక్కడ సరిపోతుంది? బుద్ధుండక్కర్లా?"

"నువ్వొక్కదానివే అక్కడ కూర్చుని, నువ్వే అన్న ఆ తడి కాగితం నములుతుంటావు," అన్నాడు అతను బూట్ల వంక చూస్తూ. "ముద్ద నోటిదాకా వస్తే అది గుర్తొస్తుంది. దిగట్లేదు."

అంత పొడుగు మాట అతను ఈ మధ్య మాట్లాడలేదు. నమికో వంగి అతని బూట్లు తనే లాగింది. ఒకటి వచ్చింది, రెండోది రాలేదు. రెండో బూటుని ఒళ్లో పెట్టుకుని, దాన్ని పట్టుకునే కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి లోపలికి వెళ్లి బియ్యం కడిగింది.

ఆ పూట ఆమె బంగాళాదుంపలు ఉడకేసింది. వెన్న కలిపింది, కళ్లతో చూడకుండా చేత్తోనే. మూకుడులో నూనె కాగుతుంటే ఇల్లంతా ఆమె పనిచేసే చోటి వాసన వచ్చింది. మొదటి కొరొక్కె రెండుగా విరిచి, పొగ ఊది, సగం షిగెరు నోట్లో పెట్టింది, సగం తను తింది. ఉప్పు కొంచెం తక్కువైంది. ఇద్దరిలో ఎవరూ ఆ మాట అనలేదు. షిగెరు రెండోసారి అన్నం పెట్టించుకుంటుంటే ఆమె ఫోను తీసుకుని అక్కకి చేసింది.

"ఆదివారం కట్టి చూడటం లేదక్కా. కురొదా గారింటికి రా. విప్పిద్దాం."

"మరి అమ్మ కుట్టన్నావు?"

"కుట్టు అమ్మదే. ఈ మనిషి నావాడు. కుట్టు కోసం ఇతన్ని నీళ్లలో పారేసుకోలేను."

ఏం జరిగిందో కజుయో అడగలేదు. "పొద్దున్నే వస్తాను," అంది.

కురొదా పెద్దావిడ. పడుచుతనంలో ఫుసా పక్కన కూర్చుని సూది పట్టడం నేర్చుకుంది. ఆమె గదిలో చాప మీద వెడల్పాటి పలక, దాని మీద చిన్న ఇస్త్రీపెట్టె, వెదురు కొలబద్ద. కిమొనోని పలక మీద పరిచి, అంచు మీద బంగారు దారంతో కుట్టిన రెల్లుగడ్డి బొమ్మని అరచేత్తో ఒకసారి నిమిరింది.

"ఎంత చక్కటి పని," అంది. "విప్పమంటారా మరి?"

"నేను విప్పచ్చా?" అంది నమికో. "చూపిస్తే నేనే విప్పుతాను. వేరేవాళ్లు... మీరని కాదు గానీ..."

కురొదా తల ఊపింది. ముందు తను లోపలి అస్తరు అంచు విప్పి, పక్క కుట్టు బయటపెట్టి, చిన్న కత్తెర నమికో చేతికిచ్చింది. "కింద చివర ముడి ఉంటుంది. ముడి కత్తిరించాక, వెనక్కి వేసిన నాలుగైదు కుట్లు ఒక్కొక్కటే తియ్యాలి. అవే గట్టిగా ఉంటాయి. జాగ్రత్త."

నమికో కళ్లజోడు సర్దుకుని వంగింది. నల్ల పట్టు మీద నల్ల దారం. కుట్లు నువ్వుగింజల్లా సమంగా ఉన్నాయి. ఇవి వేసిన వేళ్లు ఎంత వణికేవో ఆమెకి తెలుసు. చాలాసేపు వెతికింది.

"ముడి కనపడట్లేదండీ."

"ఉంటుంది." కురొదా తనే వంగి చూసింది. వేలితో తడిమి చూసింది. పై చివర కూడా చూసింది. ఆమె మొహం మారింది. "ముడి లేదు. వెనక్కి కూడా కుట్టలేదు."

"అయ్యో, ఓపిక లేక వదిలేసిందేమో," అంది కజుయో. "మరి నేను కట్టుకున్నప్పుడు ఊడిపోయి ఉంటే నా గతేంటి?"

"ఫుసా గారి కుట్టు ఊడదు," అంది కురొదా. "కానీ లాగితే వస్తుంది. రావడానికే ఇలా కుట్టారు. దారం కొస పట్టుకుని మెల్లిగా లాగండి."

నమికో కత్తెర పక్కన పెట్టి కొస పట్టుకుని లాగింది. దారం ఒక్క చోట కూడా చిక్కుపడలేదు. చివరిదాకా ఒకటే పోగుగా జారి ఆమె ఒళ్లోకి వచ్చింది. రెండు పక్కలుగా విడిపోయిన గుడ్డలో లోపలి మడత విచ్చుకుంది. ఎండ తగలని ఆ భాగం బయటి నలుపు కన్నా నల్లగా ఉంది. దాని మీద పైనుంచి కిందదాకా తెల్ల దారంతో దూరం దూరంగా వేసిన కుట్లు, ఒకే గీతగా కనిపించాయి.

కురొదా ఆ గీత మీదకి వంగి చూసింది.

"ఏంటండీ అది?" అంది నమికో.

"కొలత గుర్తు. తర్వాత కుట్టేవాళ్లు ఈ గీత వెంబడి కుట్టాలని." ఆమె రెండో పక్క కుట్టు కూడా కొస పట్టి లాగింది. అక్కడా ముడి లేదు, అక్కడా తెల్ల గీత ఉంది.

"అమ్మ పాత కొలతేమో," అంది కజుయో.

"ఫుసా గారు మీకన్నా బక్క మనిషి. ఇది వెడల్పు కొలత." కురొదా వెదురు బద్ద తీసుకుని గీతల మీద ఆనించి చూసింది. తర్వాత నమికోని లేచి నిలబడమని, తుంటి చుట్టూ టేపు తిప్పింది. ఒకసారి చూసి, నమ్మకం కుదరనట్టు మళ్లీ తిప్పింది.

"ఈ మధ్య ఏమన్నా తగ్గారా?" అంది.

"కొంచెం," అంది నమికో సిగ్గుపడుతూ. "ఒక వేలంత."

"ఆ వేలంతే తేడా వస్తోంది. పెళ్లిలోపు తిరిగి తెచ్చుకోండి. లేకపోతే మీకిది వదులైపోతుంది."

కజుయో నవ్వబోయి చెల్లెలి మొహం చూసి ఆగిపోయింది. నమికో కిమొనో పక్కన మోకాళ్ల మీద కూలబడి, తెల్ల గీత మీద వేలు పెట్టి, కుట్టు కుట్టుకీ ఆగుతూ పైకి జరిపింది.

"అమ్మ నన్నెప్పుడూ కొలవలేదే," అంది. "ఎప్పుడూ టేపు పట్టుకుని నా దగ్గరకి రాలేదు. లేవలేని మనిషి, ఎలా..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె చెయ్యి తనంతట తనే నడుము వెనక్కి వెళ్లింది. ఎముకల వేళ్లు రోజూ వెతుక్కున్న చోటికి, ఒకదానికొకటి ఎంత దూరంలో ఆగాయో రోజూ చూసుకున్న చోటికి వెళ్లింది. నా చేతులు చుట్టూ రావట్లేదు అని అమ్మ చెవిలో చెప్పింది ఎత్తిపొడుపు కాదు. కొలత చదువుకుంది. జీవితమంతా కొలతలు పైకి చదువుకుంటూ కుట్టిన మనిషి ఆవిడ. అక్క పెళ్లి కిమొనో కుడుతూ, ఆ మడతలోనే చెల్లెలి వంతుకి దారి వేసిపెట్టింది. విప్పనివ్వనని తను ఇన్నాళ్లూ కాపాడింది, విప్పడానికని కుట్టిన కుట్టుని.

నమికో పెద్దగా ఏడ్చింది. కురొదా గుడ్డ తడవకుండా కిమొనోని మెల్లిగా తన వైపు లాక్కుంది. కజుయో చెల్లెలి వీపు రాస్తూ ఉండిపోయింది.

వెళ్లేముందు నమికో ఒళ్లో పడిన నల్ల దారాన్ని వేలికి చుట్టుకుని, చుట్టని అలాగే జారదీసి పర్సులో పెట్టుకుంది. కొత్త కుట్టు మీరు వేస్తారుగా అని కురొదాని అడిగింది. "ఫుసా గారి గీత మీదే వేస్తాను," అంది ఆవిడ. "ఈసారి కూడా ముడి వెయ్యను. చిహరుకీ పిల్లలు పుడతారు కదా."

బయట సరస్సు మీంచి చలిగాలి వీస్తోంది. వంతెన దాటగానే ఇరవైనాలుగ్గంటల కొట్టు ఇంకోటి కనిపించింది. నమికో అలవాటుగా లోపలికి నడిచింది. కానీ చల్లటి అరల వైపు వెళ్లలేదు. డబ్బు కట్టే బల్ల పక్కన అద్దాల పెట్టెలో, ఆవిరి పట్టిన వెచ్చటి మాంసం రొట్టెలు ఉన్నాయి. రెండు అడిగింది. కాగితంలో చుట్టి ఇచ్చారు. ఆమె కాగితం తిప్పి చూడలేదు.

కొట్టు బయట గోడకి ఆనుకుని అక్కాచెల్లెళ్లిద్దరూ తిన్నారు. కజుయో సగం తిని ఆగింది, ఆమెకి అంతకన్నా ఎప్పుడూ పట్టదు. మిగిలిన సగం చెల్లెలి చేతిలో పెట్టింది.

"తిను. వేలంత తెచ్చుకోవాలిగా."

నమికో ముక్కు తుడుచుకుంటూ తింటోంది. లోపలి మాంసం వేడికి నాలుక చుర్రుమంది. అయినా ఆగలేదు. కజుయో సరస్సు వైపు చూస్తూ అంది:

"నన్ను టేపుతో కొలిచింది, నమీ. పెళ్లికి కుడతానంది కదా, ఇంటికి వస్తే, దూరంగా నిలబడమని, టేపు కొస నాకే ఇచ్చి, నన్నే చదివి చెప్పమంది."

నమికో నమలడం ఆపింది. చేతిలో ముక్కని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుని, నూనె అంటిన రెండు చేతులూ కోటుకి తుడుచుకుని, అక్క నడుము చుట్టూ వేసింది. అంత బక్క నడుముకి చేతులు చుట్టూ వచ్చి, ఇంకా మిగిలాయి.

"నీకు ఇంకో రొట్టె కావాలక్కా," అంది.